ఎంఆర్‌ఐ రిపోర్టులో ‘సిస్టు’ అని ఉంటే

మా అక్క కొడుక్కి తలనొప్పి తగ్గకపోవడంతో గుంటూరు కొత్తపేటలో తీయించిన ఎంఆర్‌ఐ రిపోర్టులో ‘అరాక్నాయిడ్ సిస్టు’ అన్న మాట చూసి, అది క్యాన్సరేనేమోనని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోయారు. సిస్టు అంటే ద్రవమో మెత్తటి పదార్థమో నిండిన తిత్తి. మెదడులో కనిపించే ఇలాంటి తిత్తుల్లో చాలావరకు పుట్టుకతో వచ్చినవే.

తిత్తి గోడ ఏ కణజాలానిది, అది ఎక్కడ ఉంది అన్నదాన్ని బట్టి వైద్యులు వీటిని వర్గీకరిస్తారు. మెదడును కప్పే అరాక్నాయిడ్ పొర చీలి, ఆ మధ్యలో మెదడు ద్రవమే చేరితే అరాక్నాయిడ్ సిస్టు. పిండదశలో చర్మకణాలు లోపల చిక్కుకుపోతే ఎపిడెర్మాయిడ్; వాటితోపాటు వెంట్రుకల కుదుళ్లు, తైలగ్రంథులు కూడా ఉంటే డెర్మాయిడ్. మొదటి రెండూ మామూలు ఎంఆర్‌ఐ చిత్రాల్లో ఇంచుమించు ఒకేలా కనిపించినా, నీటి అణువుల కదలికను చూపే డిఫ్యూజన్ చిత్రంలో ఎపిడెర్మాయిడ్ తెల్లగా మెరుస్తుంది, అరాక్నాయిడ్ నల్లగానే ఉండిపోతుంది. రిపోర్టులో ఈ సంగతి రాశారో లేదో తప్పక చూడాలని నా అభిప్రాయం.

కణత వైపు వచ్చే అరాక్నాయిడ్ సిస్టులను 1982లో గలాసీ అనే వైద్యుడి బృందం మూడు రకాలుగా విభజించింది: మొదటిది చిన్నది, మూడవది మెదడును పక్కకు నెట్టేంత పెద్దది. మావాడిది మొదటి రకం.

అయితే పరిమాణమే సర్వస్వం కాదు. మెదడు మధ్యలో ద్రవం నిండి ఉండే గది అయిన మూడవ జఠరిక ముందుభాగంలో పుట్టే కొల్లాయిడ్ సిస్టు చిన్నదైనా, ద్రవం పారే దారిని మూసేస్తే ఉన్నట్టుండి ప్రాణం మీదికి రావచ్చు. బద్దెపురుగు లార్వా వల్ల ఏర్పడే తిత్తులు ఇన్ఫెక్షన్ కిందికి వస్తాయి కాబట్టి వాటి చికిత్స వేరు. మావాడి సిస్టుకు ఆపరేషన్ అక్కర్లేదన్నారు. తలనొప్పి మైగ్రేన్ అని తేల్చి, దానికి మందులు రాశారు.