సంబంధం వాళ్లు కాదమ్మా

"ఒరేయ్, ఎవరో అబ్బాయి వచ్చి నీ గురించి ఆరా తీస్తున్నాడు. సంబంధం వాళ్లేమో అనుకుని కాఫీ ఇచ్చాను."

పొద్దున మీటింగ్‌లో ఉండగా తెనాలి నుంచి అమ్మ ఫోన్. సంబంధమూ లేదు, ఏమీ లేదు. కొత్త కంపెనీ వాళ్ల బీజీవీ, అదే, మనం ఇచ్చిన వివరాలు నిజమో కాదో చూసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. పర్మనెంట్ అడ్రస్ చూసి రమ్మని ఏజెన్సీ కుర్రాణ్ని పంపారు.

గేటు ఫొటో తీసుకున్నాడట. అమ్మ చేత సంతకం పెట్టించుకున్నాడట. ఎన్నేళ్లుగా ఉంటున్నారని అడిగితే, అమ్మ మా తాతయ్య స్థలం కొన్న దగ్గర్నుంచి మొదలుపెట్టింది. మధ్యలో "కరోనా అప్పుడు మావాడి ఉద్యోగం పోయింది బాబూ, పాపం ఐదు నెలలు ఇంట్లోనే ఉన్నాడు" అని కూడా చెప్పేసింది.

ఆ ఐదు నెలల్ని నేను రెజ్యూమెలో దాచలేదు లెండి. దాచినా దాగదు. యూఏఎన్, అంటే మన పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి ఉండే ఒకే నంబర్, ఇచ్చామంటే పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో ఎప్పుడు చేరామో, ఎప్పుడు బయటికొచ్చామో తేదీలతో సహా కనిపిస్తుంది. అసలు టెన్షన్ అక్కడే. మొదటి కంపెనీ రిలీవింగ్ లెటర్‌లో 14వ తేదీ అని ఉంది. పీఎఫ్‌లో మాత్రం అదే నెల 31 అని ఎక్కించారు. తప్పు వాళ్లది, సంజాయిషీ నాది. మూడు మెయిళ్లు పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు.

ఆ కుర్రాడు వెళ్తూ వెళ్తూ పక్కింటి పిన్నిగారిని కూడా ఏదో అడిగాడట. ఏం చెప్పిందోనని సాయంత్రం దాకా నాకు ఒకటే గుబులు.

ఇందాక ఆవిడే ఫోన్ చేసింది. "అంతా మంచిగానే చెప్పానురా. ఇంతకీ అమ్మాయిది ఏ ఊరు?"