హీరో ఎంట్రీకి ముందు

ఆదివారం. పొద్దున్నంతా ఇంటి పనులతోనే సరిపోయింది. భోజనాలయ్యాక టీవీ పెడితే పాత హిందీ సినిమా ‘దీవార్’ వస్తోంది. నాన్నకి హిందీ అంతంతమాత్రం, అయినా అక్కణ్ణుంచి కదల్లేదు. నేను నిన్న రాత్రే ఒక పెద్ద హీరో కొత్త హిందీ సినిమా చూసొచ్చాను. అందుకే మధ్యాహ్నమంతా రెంటినీ పోల్చుకుంటూనే కూర్చున్నాను.

నిన్నటి సినిమాలో ముందు బూటు కనిపించింది, తర్వాత చెయ్యి, తర్వాత వీపు, ఆఖర్న స్లో మోషన్‌లో ముఖం. హాలంతా ఈలలు. నేనూ చప్పట్లు కొట్టాను, నాకూ ఒళ్లు పులకరించింది. కానీ ఆ మనిషి ఎవరో, దేనికి బాధపడతాడో, ఏం పోగొట్టుకుంటే విలవిల్లాడతాడో సినిమా అయిపోయేదాకా తెలియలేదు. చెల్లెల్ని చంపారు కాబట్టి పగ. ఆ చెల్లెలికి నవ్వడానికో సీను, చావడానికో సీను. ఇంటికొచ్చేసరికి ఆ అమ్మాయి ముఖం కూడా గుర్తులేదు. నాకు బాధనిపించింది అక్కడే.

అలాగని ‘దీవార్’ ఫార్ములా కాదా అంటే, పక్కా ఫార్ములానే. అన్న స్మగ్లర్, తమ్ముడు పోలీసు, మధ్యలో నలిగిపోయే తల్లి. 1961 నాటి ‘గంగా జమునా’లోనూ అన్న బందిపోటు, తమ్ముడు పోలీసు. 1975లో రచయితలు సలీం-జావేద్ దాన్నే బొంబాయి రేవుకి తీసుకొచ్చారు, యశ్ చోప్రా తీశాడు. కథ ఎటు పోతుందో ముందే తెలిసినా చూస్తున్నంతసేపూ టెన్షనే.

బూట్ పాలిష్ సీను వచ్చింది. పిల్లాడు బూట్లు తుడిచాక ఆ పెద్దమనిషి డబ్బులు కిందికి విసిరేస్తాడు. నేను పాలిష్ చేశాను, అడుక్కోలేదు, తీసి చేతికివ్వండి అంటాడు పిల్లాడు. పక్కనే ఉన్న స్మగ్లర్ దావర్ వాడివంక అలా చూస్తాడు. “చూడమ్మా, వీడే అమితాబ్ అవుతాడు,” అన్నాడు నాన్న, నాకు తెలియనట్టు. ఏళ్లు గడిచాక అదే దావర్ నోట్ల కట్ట విసిరితే, విసిరిన డబ్బు తాను ఇప్పటికీ తీసుకోనని అమితాబ్ గుర్తుచేస్తాడు. అక్కడ స్లో మోషన్ లేదు, గాలికి ఎగిరే కోటు లేదు. అయినా గుండె ఝల్లుమంటుంది. అంతకుముందే ఆ పిల్లాడి పౌరుషం మనం చూసేశాం కదా. నా దృష్టిలో అసలు ఎంట్రీ అదే, అందులో సగం ఆ చిన్న కుర్రాడిదే.

బ్రేక్‌లో నాన్న ‘నిప్పులాంటి మనిషి’ సంగతి ఎత్తాడు. రామారావు సినిమా చూశాకే దానికి హిందీలో ‘జంజీర్’ అని మూలం ఉందని తెలిసిందట. ‘జంజీర్’ని అప్పటి పెద్ద హీరోలు కొందరు వద్దనుకున్నాకే అమితాబ్‌కి వచ్చింది. అప్పటికి ఆయనవి చాలా సినిమాలు పోయి ఉన్నాయి. 1973లో ఆ పాత్ర దొరక్కపోతే ఆయన చరిత్ర వేరేగా ఉండేదేమో. ఇరవై ఏళ్ల తర్వాత, 1993లో, ‘దీవార్’ తీసిన యశ్ చోప్రాయే తీసిన ‘డర్’లో హీరో సన్నీ డియోల్. షారుఖ్ ఓడిపోయే విలన్, చివరికి చనిపోతాడు కూడా. అయినా జనం షారుఖ్‌నే తలుచుకుంటూ బయటికొచ్చారు. అంటే వీళ్లిద్దరినీ పాత్రలే స్టార్లని చేశాయి. ఇప్పుడేమో స్టారు ముందు ఖరారవుతాడు, ఆయన చుట్టూ సీన్లు పేర్చుకుంటారు. తాత సంపాదించిన ఆస్తిని మనవడు కూర్చుని తిన్నట్టుంది.

మన తెలుగు ఫార్ములాలు హిందీకెళ్లినా ఇదే వరస. 2009లో ‘పోకిరి’ ‘వాంటెడ్’ అయింది, 2012లో ‘విక్రమార్కుడు’ ‘రౌడీ రాథోడ్’ అయింది. రెండూ బాగా ఆడాయి, ఆడినందుకు సంతోషమే. షారుఖ్ ‘పఠాన్’లో సల్మాన్ తన పాత సినిమాల టైగర్ పాత్రలో ఊడిపడినప్పుడు హాల్లో నేనూ కేక పెట్టాను. స్టార్‌ని చూసి మురిసిపోవడం తప్పని నేనెప్పుడూ అనను. పని అలసటంతా మర్చిపోయి వందలమంది ఒకేసారి అరిచే చోటు ఇంకెక్కడుంది? ఆ అరుపుకి తగ్గ కథ రాయమనే నా గోల. రచయితలకి టైమూ డబ్బూ ఇవ్వమనే. తల్లికి, స్నేహితుడికి, విలన్‌కి కూడా నిలబడేంత చోటు ఉంచమనే.

సాయంత్రమవుతుండగా అన్నదమ్ములు వంతెన కింద ఎదురుపడే సీను వచ్చింది. బంగళా ఉంది, కారుంది, నీ దగ్గరేముందని అన్న అడిగితే, అమ్మ ఉందంటాడు తమ్ముడు. దేశమంతా ఇప్పటికీ చెప్పుకునే జవాబు అది. చెప్పింది శశి కపూర్. వయసులో అమితాబ్ కంటే నాలుగేళ్లు పెద్ద, స్టార్‌గా కూడా సీనియర్, అయినా తమ్ముడి వేషానికి ఒప్పుకున్నాడు. అంత ఊపులో ఉన్న అమితాబ్ కూడా ఆ మాటకి బదులు చెప్పలేక ఊరుకునే పాత్ర చేశాడు. నిన్నటి హీరోకి ఎదురుగా నిలబడి ఇలాంటి మాట అనే పాత్ర ఒక్కటున్నా, ఆ సినిమాకి నేను మళ్లీ వెళ్లేదాన్ని, ఈసారి నాన్నని కూడా తీసుకుని.