ఉదయం మూసి, మధ్యాహ్నం తెరవాలి

డిసెంబరు 9, మంగళవారం

ఆరున్నరైనా క్యాంపస్ ప్రహరీ అవతల హైవే మీద లారీల లైట్లు తప్ప లారీలు కనిపించడం లేదు. అందరూ మంచు అంటున్నారు. ఉత్త మంచుకు వాసన ఉండదు. ఇది కాలిన గడ్డి కంపు, గొంతులో గరగర.

మంగళగిరి దాటి దుగ్గిరాల, తెనాలి వైపు మాగాణుల్లో కోతమిషన్లు తిరిగే రోజులివి. మిషను కోసిన గడ్డి పొలంలోనే బారులుగా పడుతుంది. కట్టలు కట్టించి తోలుకోవాలంటే ఖర్చు. ఈలోగా నేలలో పదును (తడి) ఆరిపోతే తర్వాత వేసే మొక్కజొన్న సరిగా మొలవదు. అందుకే సాయంత్రం నిప్పు పెట్టేస్తారు. రాత్రి నేల చల్లబడి, నేలనంటిన గాలీ చల్లబడి, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ ఆ మూత కిందే ఉండిపోతుంది. ఎండెక్కి నేల కాగాక, పదీ పదకొండు మధ్య కదులుతుంది.

హాస్టల్లో మాత్రం తెల్లారగానే మంచి గాలని కిటికీలు బార్లా తీసి, ఎండెక్కగానే మూసేస్తారు. ఈ నెలంతా దాన్ని తిరగేయాలి: పొద్దు వాలకముందే మూయాలి, పదకొండు దాటాక తీయాలి. ముగ్గురున్న గది రాత్రంతా మూస్తే ఉక్కపోత, తలబరువు ఉంటాయి, నిజమే. అందుకే మధ్యాహ్నం మూడు నాలుగు గంటలు తప్పకుండా తీసి ఉంచాలి. మైదానంలో పరుగులు కూడా ఆ పూటకే మార్చుకోవాలి.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో కనిపించే గాలి నాణ్యత సూచీ గడిచిన 24 గంటల సగటు. పొద్దుటి పొగ అందులో పలచబడిపోతుంది. గాలిలో ధూళిని కొలిచే, చేతిలో పట్టుకునే చిన్న మీటరైతే మంచు తుంపరల్ని కూడా ధూళిగా లెక్కేసి ఎక్కువ చూపిస్తుంది. మంచు విడిపోయాక కూడా పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నటి ధూళి) అంకె 60 పైనే ఉంటే అది మంచు కాదు, చాలావరకు పొగే. ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములన్నది మన దేశంలో 24 గంటలకు పెట్టిన హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15.

గది మూయడమంటే తలుపు వేయడం ఒక్కటే కాదు. గుమ్మం కింద తడి తువాలు, పైన వెంటిలేటర్ జాలీకి పాలిథిన్ షీటు, చుట్టూ టేపు. బాత్రూం ఎగ్జాస్ట్ ఆపేయాలి. అది లోపలి గాలిని బయటికి నెడుతుంటే, ప్రతి సందులోంచీ పొగ లోపలికి వస్తుంది. కూలర్ బయటి గాలినే తోడి పోస్తుంది, తడి గడ్డి ఈ సన్నటి ధూళిని ఆపలేదు. ఇక అన్నీ మూసిన గదిలో దోమల కాయిల్ వెలిగిస్తే పడ్డ శ్రమంతా వృథా. దోమతెర కట్టుకోవాలి.

ఇక గదిలో మిగిలిన పొగను వడకట్టడానికి, టేబుల్ ఫ్యాన్ ముందు హెపా ఫిల్టర్ (సన్నటి ధూళిని పట్టే వడపోత) కట్టినా బాగా పనిచేస్తుంది. 10 అడుగుల వెడల్పు, 12 పొడవు, 10 ఎత్తున్న గదిలో సుమారు 34 ఘనపు మీటర్ల గాలి. గంటకు ఐదుసార్లు వడకట్టాలంటే 170 ఘనపు మీటర్లు. ఫ్యాన్ డబ్బా మీద రాసిన లెక్క ఫిల్టర్ కట్టాక రాదు, కాబట్టి రెండు మూడింతలు తోసే ఫ్యానే తీసుకోవాలి. ఫిల్టర్ నలుచదరం, ఫ్యాన్ జాలీ గుండ్రం. మధ్య సందుల్ని అట్టముక్కలతో మూసి టేపు వేయాలి. చాలామంది తప్పేది ఇక్కడే. అంచు దగ్గర సన్నటి టిష్యూ ముక్క పట్టుకోండి, రెపరెపలాడితే గాలి ఫిల్టర్‌ని తప్పించుకుని పోతున్నట్టే. అరగంట తర్వాత మోటారు మీద చేయి వేసి చూడాలి. చేయి ఆనించలేనంత కాగితే వెంటనే ఆపాలి.

బయటికెళ్తే ఎన్95 మాస్కే. గడ్డం ఉంటే అంచు అతుక్కోదు. ఈ పొగకు చేతిరుమాలు పెద్దగా పనికిరాదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, గదిలో కాదు.

ఏడింటికి మెస్ వెనక గానుగాకులు కుప్ప చేసి అంటించారు. చెత్త ఇలా ఆరుబయట తగలబెడితే 5,000 రూపాయల జరిమానా అని 2016లోనే హరిత ట్రిబ్యునల్ చెప్పింది. పొలాల పొగ మన చేతిలో లేదు, ఇది ఉంది. మూడడుగుల గొయ్యి, మూడు గంపల ఎండాకుకి ఒక గంప మెస్ కూరగాయల తొక్కు, పైన కాస్త మట్టి, వారానికోసారి తిరగేసి నీళ్లు చల్లడం చాలు. రేపు ఊడవడం మొదలెట్టకముందే గొయ్యి తవ్వించాలి.