బొట్టు తీయమన్న నిబంధన: ముఖాల ఆకర్షణపై నా ఎం.ఏ. ప్రాజెక్టు అనుభవం

బరంపురంలో మనస్తత్వ శాస్త్రం ఎం.ఏ. చివరి సెమిస్టరు ప్రాజెక్టు సమర్పించి, మౌఖిక పరీక్ష కూడా ఈ వారమే ముగించాను. ఒక ముఖం కంటపడగానే మన చూపు, మెదడు కలిసి దాన్ని ‘బాగుంది’ అని ఎలా తేల్చుకుంటాయన్నది నా విషయం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చుకుని పెరిగిన నాలాంటి వాళ్ళు ఇలాంటి పనిని మన వీధుల్లోనే చేయాలనుకుంటే ఏమేమి ఎదురవుతాయో, నాకు ఎదురైనవాటి మీద కోపం చల్లారకముందే రాసి పెడుతున్నాను.

విషయం ఎంపికకు ఏ ఇబ్బందీ లేదు. మా గైడు మేడమ్ విన్న వెంటనే ఒప్పుకున్నారు. చదవడం కూడా సంతోషంగానే సాగింది. మెదడు అడుగుభాగంలో ముఖాలకు ప్రత్యేకంగా స్పందించే ఫ్యూజిఫార్మ్ ప్రాంతాన్ని నాన్సీ కాన్‌విషర్ బృందం 1997లో వివరించింది. ఆకర్షణీయమైన ముఖాన్ని చూసినప్పుడు, ప్రతిఫలాన్ని లెక్కగట్టే ఆర్బిటోఫ్రంటల్ భాగం కూడా చురుకవుతుందని 2003లో మరో బృందం చూపింది. ఈ తీర్పు ఎంత త్వరగా జరుగుతుందో తెలిసినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. సెకనులో పదో వంతు సేపు చూసి వేసిన అంచనాలు, ఎంతసేపైనా చూడనిచ్చినప్పుడు వేసిన అంచనాలతో చాలావరకు ఏకీభవిస్తాయని 2006లో విల్లిస్, టొడొరోవ్ నిరూపించారు. వ్యవధి పెంచితే ముఖ్యంగా పెరిగేది చూసేవాళ్ళకు తమ తీర్పు మీద ఉండే నమ్మకమే. మన పెళ్ళిచూపుల్లో ఒక అమ్మాయి కాఫీ పళ్ళెం బల్ల మీద పెట్టేలోపే ఆమె రూపం గురించిన లెక్క ముగిసిపోతుందన్న మాట. అందుకే, అందానికి మనం వేసే అంకె ఎదుటి ముఖానిది కాదు, చూసే కంటిది అని నేను గట్టిగా నమ్ముతాను. నా పద్ధతి మొత్తాన్ని ఆ నమ్మకం మీదే నిలబెట్టాను.

ఏ ఒక్కరి ముఖానికీ మార్కులు పడకూడదని, పలువురి ఫోటోలు కలిపి చేసిన ముఖాలను మాత్రమే చూపించి, ఎంత బాగున్నాయో అంకెలో చెప్పమనాలని నిశ్చయించుకున్నాను. ఫ్రాన్సిస్ గాల్టన్ 1878లో నేరస్థుల ఫోటోలను ఒకదాని మీద ఒకటి పడేలా తీసి, విడివిడి ముఖాలకంటే ఆ కలగలుపు ముఖమే చూడడానికి బాగుందని గమనించాడు. 1990లో లాంగ్లోయిస్, రాగ్‌మన్ కంప్యూటరు మీద ఆ పనే పకడ్బందీగా చేశారు; 16, 32 ముఖాలను కలిపిన బొమ్మలు, వాటిలో చేరిన ముఖాల్లో చాలావాటికంటే ఆకర్షణీయంగా కనిపించాయి. సగటు ఒక్కటే అందం కాదని 1994లో పెరెట్ బృందం దిద్దింది: అందరి ముఖాల సగటుకంటే, బాగున్నవని ఎంచిన ముఖాల సగటు మరింత బాగుంది. ఇన్ని తెలిసినా, నాకు దొరికిన ఫోటోల సంపుటాల్లో మన వీధి ముఖాలు లేవు. వాటిని నేనే సేకరించాలి.

కష్టమంతా ఇక్కడే మొదలైంది. అనుమతి ఇచ్చే కమిటీ ముందు నిలబడినప్పుడు, సమ్మతి పత్రం తప్పనిసరిగా తెలుగు లిపిలో ఉండాలన్నారు. మా వీధుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళలో చాలామందికి చదవడం వచ్చింది ఒడియాలోనే కనుక, ఒడియా లిపిలో పత్రం ఇచ్చి తెలుగులో చదివి వినిపిస్తానని చెప్పాను. వినలేదు. చివరికి తెలుగు పత్రమే ముద్రించి, చాలా ఇళ్ళలో దాన్ని నేనే చదివి వినిపించి సంతకాలు తీసుకున్నాను. మా తాతగారు చిన్నప్పుడు పలక మీద దిద్దించిన అక్షరాలు ఆ రోజు అక్కరకొచ్చాయి.

అసలు దెబ్బ రెండో నిబంధన. ఫోటో తీసేటప్పుడు ముఖం మీద ఏమీ ఉండకూడదు, బొట్టుతో సహా అని రాయించారు. వివాహితలు బొట్టు తీయరని నేను అనగానే, ఒక పెద్దమనిషి అందరి ముందూ, “మీ వాళ్ళ ఆచారాల కోసం శాస్త్రం పద్ధతి మార్చుకోదమ్మా” అన్నారు. మిగతావాళ్ళు తలలు ఊపారు. కూర్చోమని కూడా అనని ఆ గదిలో చేతిలో కాగితాలు పట్టుకుని నిలబడినప్పుడు నాకు కలిగిన అవమానం ఇప్పటికీ తగ్గలేదు.

ఆ నిబంధన పట్టుకునే మా వీధికి వెళ్ళాను. అప్పడాలు చేసే అత్త వాళ్ళ అరుగు మీద మినప్పిండి ఉండలు వరసగా ఉన్నాయి. ఆవిడ మోచేతుల దాకా పిండి. విషయమంతా ఓపికగా విని, ఫోటోకు సరేనని, కాటుక కడిగేసుకోవడానికి కూడా అభ్యంతరం చెప్పలేదు. బొట్టు మాట ఎత్తగానే అప్పడాల కర్ర కింద పెట్టేసింది. “బొట్టు తియ్యమని ఎవులు సెప్పినారే నీకు? మీ మావ బతికుండగా నా అరుగు మీద కూకుని ఆ మాటంటావేటే?” అంది. పక్కింటి ఆవిడ బయటికొచ్చి, “మా పిల్ల మొగానికి మార్కులేస్తారేటమ్మా?” అని నిలదీసింది. పుట్టి పెరిగిన వీధిలో నన్ను పరాయిదానిలా చూశారు. ఇళ్ళ తలుపులు తెరిచే ఉన్నా లోపలికి రమ్మనే పిలుపులు ఆగిపోయాయి.

ఆ రాత్రి కూర్చుని ఆలోచించాను. ప్రయోగానికి కావలసింది ఖాళీ ముఖం కాదు, అందరిలోనూ ఒకేలా ఉండే ముఖం. కాటుక సంగతి వేరు. కళ్ళకూ చుట్టూ ఉన్న చర్మానికీ మధ్య ముదురు-లేత తేడా పురుషులకంటే స్త్రీలలో సహజంగానే ఎక్కువని, అలంకరణ దాన్ని మరింత పెంచుతుందని 2009లో రిచర్డ్ రస్సెల్ చూపాడు కనుక, ఒకరు కాటుకతో, ఒకరు కాటుక లేకుండా ఉంటే ఫలితం చెడుతుంది. బొట్టు మాత్రం అందరికీ ఒకే కొలత, ఒకే రంగు అయితే ఏ పోలికనూ చెడగొట్టదు. బజారులో చిన్న మెరూన్ రంగు స్టిక్కర్ల అట్ట కొని, పెళ్ళయినవాళ్ళకూ కానివాళ్ళకూ అదే పెడతానని కొత్త పద్ధతి రాసుకుని గైడు మేడమ్‌కు చూపించాను. ఆవిడ నా వైపు నిలబడి కమిటీతో వాదించారు. లిఖితపూర్వకంగా ఒక్క శాస్త్రీయ అభ్యంతరమూ రాలేదు, అనుమతి మాత్రం వచ్చింది. ఆ ఉపాయం నాదేనని చెప్పుకోవడానికి నాకు ఏ సంకోచమూ లేదు.

అత్త స్టిక్కరు పెట్టుకోవడానికి ముందు తన కుంకుమను తడి గుడ్డతో తుడవలేదు. స్టిక్కరును సరిగ్గా దాని మీదే అంటించుకుని, “ఇప్పుడు తియ్యి” అంది. ముఖాలను కనుపాపల ఆధారంగా సరిచేసి కలిపినప్పుడు కళ్ళు స్పష్టంగా నిలిచాయి. ఒక్కొక్కరి బొట్టు ఒక్కో ఎత్తులో ఉండడం వల్ల, కలిసిన ముఖం మీద బొట్టు కొద్దిగా నిలువుగా సాగిన మరకలా కనిపించింది. అన్ని బొమ్మల్లోనూ దాన్ని ఒకేలా దిద్దాను.

చూపించే దశ తేలిగ్గానే గడిచింది. ముందు చూసిన ముఖం తర్వాతి ముఖానికి ఇచ్చే అంకెను తన వైపు లాగుతుందని 2016లో షియా, లీబ్, విట్నీ చూపారు. అందుకని ఒక్కొక్కరికీ ముఖాల వరస మార్చాను. చూసినవాళ్ళలో చాలామంది అంకె చెప్పడానికి ముందు, “ఈ పిల్ల ఎవరింటి పిల్ల?” అని అడిగారు. ఏ ఇంటి పేరూ ఎవరూ చెప్పలేకపోవడం నాకు కొండంత ధైర్యాన్నిచ్చింది.

మౌఖిక పరీక్షలో బయటినుంచి వచ్చిన పరీక్షకులు, అందం మీద అభిరుచి పుట్టుకతోనే వస్తుందా అని అడిగారు. పుట్టి కొద్ది రోజులైనా కాని శిశువులు కూడా ఆకర్షణీయమైన ముఖాల వైపే ఎక్కువసేపు చూస్తారని 1998లో స్లేటర్ బృందం చూపిందని, అయితే మనిషికీ మనిషికీ అభిరుచిలో ఉండే తేడా ఎక్కువగా జన్యువుల వల్ల కాక ఎవరి జీవితానుభవం వల్ల వారికి ఏర్పడుతుందని కవలలపై 2015లో వెలువడిన అధ్యయనం తేల్చిందని తడుముకోకుండా చెప్పాను. ఆయన తల ఊపి తర్వాతి ప్రశ్నకు వెళ్ళారు.

ఈ పని చేయబోయేవాళ్ళకు చెప్పేదొకటే. కమిటీ గదిలో నోటిమాటగా పెట్టే ప్రతి షరతునూ కాగితం మీద కారణంతో సహా అడగండి; కారణం రాయలేని షరతు చాలావరకు అక్కడే వీగిపోతుంది. సమ్మతి పత్రం ఏ లిపిలో ఉన్నా, పెద్దవాళ్ళ ఎదుట కూర్చుని వాళ్ళ మాటలోనే చదివి వినిపించండి. పని ముగిశాక విడి ఫోటోలు తుడిచేస్తానని మాటిస్తే, వాళ్ళ కళ్ళెదుటే తుడిచేయండి. నేను ఆ అరుగు మీదే కూర్చుని, ఒక్కొక్కరి ఫోటో వాళ్ళకు చూపించి తీసేశాను. పక్కింటి ఆవిడ మాత్రం తన కూతురి ఫోటో బాగా వచ్చిందని, తీసేసే ముందు ఒక కాపీ తన ఫోనుకు పంపించుకుంది.