క్రియేటివ్ రైటింగ్ డిగ్రీకి 35 లక్షల లోను: నా అనుభవం

ఎడ్యుకేషన్ లోను శాంక్షన్ అయినట్టు శుక్రవారం మెసేజ్ వచ్చింది. ఆ లోను నేను తీసుకోవడం లేదు. ఇంట్లో ఈ మాట చెప్పానో లేదో పెదనాన్న ఫోను: "మరి ఇన్నాళ్ళూ మీ నాన్నని ఆ బ్యాంకు చుట్టూ ఎందుకు తిప్పినట్టే?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పుకునే ఓపిక నాకు లేదు. పైగా కథలు రాసే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ "అక్కా, విదేశాల్లో క్రియేటివ్ రైటింగ్ చదివితే నిజంగా ఉపయోగమా? అప్లై చెయ్యమంటావా?" అని అడుగుతూనే ఉన్నారు. కోపం చల్లారకముందే అందరికీ కలిపి రాసేస్తున్నాను.

ముందు సులువైనవి. ఐఈఎల్‌టీఎస్‌కి భయపడకండి, ఇంగ్లీషులో కథ రాయగలిగినవాళ్ళకి అదొక లెక్క కాదు. సిఫారసు ఉత్తరం మా పీజీ మేడమ్ అడిగిన రోజే అప్‌లోడ్ చేశారు, ఆవిడ చల్లగా ఉండాలి. ట్రాన్‌స్క్రిప్టుల కోసం చలానా కట్టి సీలు కవరుకి పడిగాపులు పడాలి. భోజనాల వేళకి ముందే వెళ్ళండి, ఆ తర్వాత ఆ సెక్షన్లో ఫ్యాన్లు తప్ప ఏవీ పనిచేయవు. నమూనాగా రెండు కథలు పంపాను. రెండూ బాగున్నాయి. అది నేను అంటున్న మాట కాదు, సీటిచ్చినవాళ్ళు ఉత్తరంలో రాసిన మాట.

మా విశాఖ ద్వారకానగర్లో అడుగుకో కన్సల్టెన్సీ ఉంది కదా అని ఒకదానిలోకి వెళ్ళాను. "క్రియేటివ్ అంటే యానిమేషనా మేడమ్?" అన్నాడు అక్కడి అబ్బాయి. కాదు, కథలు రాయడం అన్నాను. కాసేపు కంప్యూటర్లో వెతికి, "బిజినెస్ అనలిటిక్స్ తీసుకోండి మేడమ్, కథలు వీకెండ్లో రాసుకోవచ్చు" అన్నాడు. వాళ్ళకి యూనివర్సిటీల నుంచి కమీషన్ వస్తుంది. ఏ కోర్సుకి వస్తే ఆ కోర్సే మనకి మంచిదవుతుంది. ఈ అప్లికేషన్లు ఎవరికి వారే పెట్టుకోవచ్చు, ఒక్క రూపాయి ఎవరికీ ఇవ్వకండి. నేను సొంతంగానే పెట్టుకున్నాను. ఇంగ్లండ్‌లో పేరున్న యూనివర్సిటీలో సీటొచ్చింది, స్కాలర్‌షిప్ రాలేదు. ఏడాది కోర్సు. ఫీజు, అద్దె, తిండి, వీసా, విమానం అన్నీ కలిపితే 35 లక్షలు తేలింది.

ఇక బ్యాంకు సంగతి.

ఎడ్యుకేషన్ లోన్ల కోసం ఉన్న విద్యాలక్ష్మి పోర్టల్లో ఒకే ఫారంతో మూడు బ్యాంకులకి పెట్టుకోవచ్చు. రెండు ఉలకలేదు, పలకలేదు. మూడోది మా ఇంటికి దగ్గర్లోని బ్రాంచి, వాళ్ళు రమ్మన్నారు. మామూలుగా ఈ లోన్లలో ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు, అది దాటితే ఆస్తి పెట్టాలి. పేరుమోసిన విదేశీ యూనివర్సిటీలకి తాకట్టు లేకుండా ఇచ్చే జాబితా ఒకటి ఉందన్నారు. అందులో మా యూనివర్సిటీ ఉంది. "ఇంజినీరింగుకీ, ఎంబీయేకీ అయితే చూసేవాళ్ళం" అన్నారు. సరే, ఆస్తి అంటే మాకున్నది కూర్మన్నపాలెంలో ఇల్లొక్కటే. నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో పై వాటా వేశారు. దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాను, ఇంటిపన్ను రసీదులు అన్నీ ఆయన ఒక ప్లాస్టిక్ ఫోల్డర్లో వరసగా సర్ది, ఏ కాగితం ఎక్కడుందో పైన చీటీ అంటించారు.

లోన్లు చూసే ఆఫీసరు ఆ ఫోల్డర్ వైపు చూడలేదు. అడ్మిషన్ కాగితాలు తిప్పుతుంటే వాటి వెనక నేను పంపిన కథ కనపడింది. అడ్మిషన్‌కి సంబంధించిన ప్రతి కాగితం పెట్టమన్నది వాళ్ళే. "ఏంటమ్మా ఇది?" అన్నాడు. కథ సార్, సీటు దీన్ని చూసే ఇచ్చారు అన్నాను. "అలాగా" అని పైకి చదవడం మొదలుపెట్టాడు. జాలారిపేటలో ఒక కోడలు, వేటకి వెళ్ళిన మొగుడు రాకపోతే నష్టపరిహారం డబ్బుల కోసం అత్తతో కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగే కథ. ఇంగ్లీషు వాక్యం ఒకటి చదవడం, ఆగి తెలుగులో చెప్పడం, పక్క టేబుల్ అతని వైపు చూసి నవ్వడం. మధ్యాహ్నం పన్నెండు, బ్రాంచి నిండా జనం. నాన్న పక్క కుర్చీలో ఉన్నారు. ఫోల్డర్ని ఒళ్ళో నిలబెట్టి రెండు చేతులతో పట్టుకున్నారు.

పేజీన్నర చదివాక, "చివరికి ఏమవుతుంది?" అన్నాడు.

చెప్పాను. డబ్బొస్తుంది. అత్త పేరు మీద వస్తుంది. ఇద్దరూ బస్సెక్కుతారు.

"అంతేనా?"

అంతే సార్.

"దీనికి 35 లక్షలా మాష్టారూ?" అన్నాడు, నన్ను కాదు, నాన్నని. నాన్న "దాన్ని నేర్చుకోడానికే కదా సార్ వెళ్తానంటోంది" అన్నారు. గొంతు పీలగా వచ్చింది. ఎక్కడో కన్వేయర్ ఆగిపోతే షిఫ్టు మొత్తాన్ని పరుగులు పెట్టించిన మనిషి ఆయన.

మా వెనక గోల్డ్ లోనుకి వచ్చినావిడ ఒకామె నిలబడి ఉంది, చేతిలో గాజుల పొట్లం. "ఆ అత్త కోడలికి డబ్బులిచ్చిందా లేదా?" అని నన్నడిగింది. కథలో చెప్పలేదండీ అన్నాను. "రాసినదానివి నువ్వే కదా, మరి చెప్పవేటి?" అని కసిరింది. ఆఫీసరు ఇంకా పెద్దగా నవ్వాడు. ఆ ముగింపు నేను మార్చలేదు, మార్చను కూడా. కానీ ఆవిడ అడిగిన తీరు మాత్రం నాకు నచ్చింది. ఆఫీసరు తీరుకే, ఇది రాస్తుంటే కూడా ఒళ్ళు మండుతోంది. ఇంటి కాగితాలు చూసి విలువ కట్టడం ఆయన ఉద్యోగం. కథకి విలువ కట్టమని ఆయనకి ఎవరూ జీతమివ్వడం లేదు. అప్పు అడగడానికి వచ్చినంత మాత్రాన మనిషిని నలుగురిలో నిలబెట్టి చదివి వినిపించే హక్కు ఎవడికీ లేదు. ఆ రోజే చెప్పాల్సింది కదా అంటారు కొందరు. మీ నాన్న ఇంటి కాగితాలు ఎదుటివాడి టేబుల్ మీద ఉన్నప్పుడు మీరు చెప్పి చూడండి.

ఇంటికొచ్చాక నాన్న ఆ విషయం ఎత్తలేదు. అమ్మ అడిగితే "మళ్ళీ రమ్మన్నారు" అన్నారంతే.

మళ్ళీ వెళ్తే కొత్త పని అప్పజెప్పారు. ఈ కోర్సు చదివినవాళ్ళు ఏమయ్యారో, ఏం సంపాదిస్తారో ఒక లెటర్లో రాసి సంతకం పెట్టి ఇవ్వాలట. రాశాను, కసిగా రాశాను. అమెరికాలో కథలు రాయడం నేర్పే అయోవా రైటర్స్ వర్క్‌షాప్ 1936 నుంచి ఉందనీ, ఇంగ్లండ్‌లో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ క్రియేటివ్ రైటింగ్ ఎంఏని 1970లో మొదలుపెట్టిందనీ, అక్కడి తొలి విద్యార్థి ఇప్పుడు పేరున్న నవలాకారుడు ఇయన్ మెక్‌ఈవన్ అనీ, 1980లో అదే కోర్సు పూర్తిచేసిన కజువో ఇషిగురోకి 2017లో నోబెల్ వచ్చిందనీ. ఏడాది పీజీ ఇండియాలో చెల్లదని ఆఫీసరు అన్నాడు కాబట్టి, 2022 జూలైలో ఇండియా, బ్రిటన్ ఒకరి డిగ్రీలు ఒకరు గుర్తించేలా ఒప్పందం చేసుకున్నాయని కూడా రాశాను. ఆయన మొత్తం చదివి ఒకే ఒక్క మాటన్నాడు: "నోబెల్ ఆయన సరే. ఆయన పక్క బెంచీలో కూర్చున్నవాళ్ళ సంగతేంటి?"

మనిషంటే నాకు మంట. ప్రశ్న మాత్రం సరైనది. పేరున్న కోర్సులన్నీ గెలిచినవాళ్ళ ఫొటోలే చూపిస్తాయి. అసలు కోర్సు పూర్తిచేయనివాళ్ళూ ఉన్నారు. అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ అయోవాలో చేరి డిగ్రీ తీసుకోకుండానే వెళ్ళిపోయాడు, అయినా ఆయన కథల్ని ఇప్పుడు ఆ క్లాసుల్లోనే పాఠాలుగా చెబుతారు.

తర్వాత వేల్యుయేషన్ ఇంజినీరు వచ్చాడు, టేపు పట్టాడు, టీ తాగాడు, ఇంటి విలువ తగ్గించి రాశాడు. లీగల్ ఒపీనియన్ కోసం బ్యాంకు తరఫున కాగితాలు చూసే ప్యానెల్ అడ్వకేట్ దగ్గరికి పంపారు. అరవై దాటినాయన, ఈ కాగితాల తిరుగుడంతటిలోకీ ఆయన ఆఫీసులో గడిపిన గంటే హాయిగా ఉంది. కోర్సు పేరు చూసి, "కారా మాస్టారు మాకు లెక్కలు చెప్పారమ్మా. కథలు రాస్తారని మాకు చాలా కాలం తెలీదు. రావిశాస్త్రి గారైతే ఈ ఊళ్ళోనే మాలాగే ప్లీడరు. వాళ్ళు ఏ కాలేజీలో నేర్చుకున్నారు?" అన్నారు. ఈ మాట నాకు చాలామంది చెప్పారు, ఇంకెంత మర్యాదగా చెప్పినా ఒప్పుకోను. వాళ్ళకి ఒకే ఊళ్ళో ఒకరికొకరు ఉన్నారు. కథ రాస్తే మొహమాటం లేకుండా చెప్పేవాళ్ళు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నారు. నేను కూర్మన్నపాలెం నుంచి రుషికొండ ఆఫీసుకి పోయి రావడంలోనే రోజు సగం అయిపోతుంది, కథ చూపిస్తే "సూపర్ అక్కా" అని రెండు చప్పట్ల బొమ్మలు వస్తాయి. ఆ కోర్సులు ఇచ్చేది ఆ లోటు తీర్చే మనుషుల్ని, రాసుకోడానికి తీరిక సమయాన్ని. వర్క్‌షాప్ అంటే పదిమంది మీ కథ చదువుకొచ్చి మాట్లాడతారు, చాలాచోట్ల అప్పటిదాకా రాసినవాళ్ళు నోరెత్తకూడదు. బ్యాంకులో ఆ శిక్షణ నాకు ఎలాగూ అయిపోయింది.

ఇంతకీ వద్దని ఎందుకన్నానంటే, శాంక్షన్ లెటర్ వచ్చిన రాత్రి నాన్నా నేనూ లెక్క వేశాం. పదేళ్ళ గడువు, పది శాతం వడ్డీ అనుకుంటే నెలకి 46 వేల పైచిలుకు ఈఎంఐ. చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా కట్టక్కర్లేదు కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే ఎక్కుతుంది. పాత పన్ను విధానం ఎంచుకుంటే వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు ఉందన్నారు. ముందు పన్ను కట్టేంత జీతం ఉండాలి కదా. ఒక కథకి నాకు ఇప్పటిదాకా వచ్చిన అతిపెద్ద పారితోషికం 1,500. తెలుగులో పుస్తకం వేసుకోవాలంటే చాలాసార్లు మన చేతి డబ్బే పోయాలి. అక్కడి డిగ్రీ, రచయితల తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే లండన్ ఏజెంట్ల తలుపు కొట్టడానికి పనికొస్తుందేమో, మన తెలుగులో అలాంటి ఏజెంట్లు కనపడరు. కాలేజీలో పాఠాలు చెబుదామా అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీజీలో 55 శాతంతో పాటు నెట్ పరీక్ష పాసవ్వాలి, లేదా పీహెచ్‌డీ. ఈ డిగ్రీ ఒక్కటే చాలదు. ఆ ఈఎంఐ కట్టడానికి నేను మళ్ళీ అదే రుషికొండ బస్సెక్కాలి, ఈసారి రాసుకోడానికి ఆదివారం కూడా మిగలదు. తీరిక కొనుక్కోడానికి చేసిన అప్పు పదేళ్ళ తీరికని మింగేస్తుంది.

కాబట్టి అడిగినవాళ్ళకి నా జవాబు: యూనివర్సిటీ డబ్బుతో అయితే తప్పకుండా వెళ్ళండి, మీ ఇంటి కాగితాలతో అయితే వద్దు. అమెరికాలో ఎంఎఫ్ఏ అని రచనలో రెండు మూడేళ్ళ పీజీ కోర్సులు ఉంటాయి, వాటిలో కొన్ని పూర్తిగా ఫీజు మాఫీ చేసి, క్లాసులు చెప్పించుకుని, నెలకింత ఇస్తాయి. టెక్సస్‌లోని మిచెనర్ సెంటర్ లాంటివి క్లాసులు కూడా చెప్పించుకోవు. సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టే అన్ని ఉంటాయి, రాకపోవచ్చు. డిసెంబరు, జనవరిల్లో గడువులు, చాలాచోట్ల జీఆర్‌ఈ అడగరు. అప్లికేషన్ ఫీజు మాఫీ ఇస్తారేమో మెయిల్ పెట్టి అడగండి, సిగ్గుపడకండి. డబ్బున్న ఇంటి పిల్లలైతే ఈ లెక్కలు మీకు అక్కర్లేదు, హాయిగా వెళ్ళిరండి, నాకు అసూయేమీ లేదు. కొంచెం ఉంది.

నేను ఈసారి ఆ ఫుల్ ఫండింగ్ వాటికే పెడుతున్నాను, అదే జాలారిపేట కథతో.

బ్యాంకుకి లోను వద్దని లెటర్ ఇస్తే ఆఫీసరు తెల్లబోయాడు. "ఇప్పుడా చెప్పేది? ఎంత కష్టపడి శాంక్షన్ చేయించాననుకున్నావు!" అన్నాడు. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వేల్యుయేషన్ చార్జీలు తిరిగి రావట. దస్తావేజు మాత్రం చేతికి వచ్చేదాకా లేవనని నాన్న ఈసారి టేబుల్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. లాకరు తాళం ఉన్నాయన సెలవులో ఉన్నాడని, సోమవారం రమ్మన్నారు.