రెండో రివ్యూయర్, నా గబ్బిలాలు

గుహల్లోని గబ్బిలాల గుంపులు జన్యుపరంగా ఎంత వేరో చూసిన నా పరిశోధన పేపర్ తీసుకుంటున్నామని నిన్న రాత్రి జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. సంతోషమే కానీ దాన్ని పరిశీలించిన రెండో రివ్యూయర్ మీద కోపం ఇంకా చల్లారలేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

గుహల్లోకి ఎలా వెళ్లావని అందరూ అడుగుతారు. నిజానికి అదే తేలిక. ముందే రేబిస్ టీకాలు వేయించుకోవాలి, మాస్కు పెట్టుకోవాలి, ఒక గుహలో వాడిన బట్టలూ బూట్లూ శుభ్రం చేయకుండా ఇంకో గుహలో అడుగు పెట్టకూడదు. చీకటి పడే వేళ గుహ నోటి దగ్గర వల కట్టి, పడ్డ గబ్బిలం రెక్క పొర నుంచి 3 మిల్లీమీటర్ల ముక్క తీసి వదిలేస్తాం. ఆ చిల్లు కొన్ని వారాల్లో పూడుకుపోతుంది. పిల్లల్ని సాకే కాలంలో మాత్రం గుహ జోలికే పోవద్దు. అప్పుడు ఫొటోల కోసం లైట్లు వేసుకుని దూరేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇక ల్యాబ్ పని అంటారా, విసుగు తప్ప చెప్పుకోవడానికేం లేదు.

అసలు గొడవ ఫలితాల దగ్గర మొదలైంది. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది. దాని ప్రకారం ఏ గుహ గుంపు ఆ గుహదే. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే మైక్రోశాటిలైట్లు (డీఎన్ఏలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్కలు) చూస్తే అన్ని గుహలూ దాదాపు ఒకటే. రెండో రివ్యూయర్ ఇది చూసి, ల్యాబ్‌లో నమూనాలు కలిసిపోయాయని తేల్చేశారు. మా గైడ్ గారు ఆ మాటను ల్యాబ్ మీటింగ్‌లో అందరి ముందూ పైకి చదివి, "ఒకసారి చూసుకో అమ్మా" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. జూనియర్లు నేల చూపులు చూశారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ట్యూబులు నిజంగా కలిసిపోతే మైటోకాండ్రియా లెక్క కూడా కలగాపులగం కావాలి కదా! రెండు ఫలితాలూ ఒకే ట్యూబులోంచి వచ్చాయి మరి. జవాబులో మొదట ఇదే రాశాను. ఆడవి పుట్టిన గుహకే తిరిగొచ్చి పిల్లల్ని కంటాయి. జతకట్టేది మాత్రం పలు గుంపులు కలిసే వేరే చోట. అలా మగవాటి జన్యువులు అన్ని గుహలకూ చేరతాయి. యూరప్‌లో బెక్‌స్టైన్ గబ్బిలాల మీద ఈ సంగతి ఎప్పుడో బయటపడింది. అన్ని జాతులూ ఇలాగే ఉండవు, నిజమే. లక్షల సంఖ్యలో చేరి గుహల్ని నింపే మెక్సికన్ ఫ్రీ టెయిల్డ్ గబ్బిలాల్లో గుహకూ గుహకూ జన్యుపరంగా తేడా దొరకడమే కష్టం. మైటోకాండ్రియా విషయంలో ప్రభావక జనాభా (తర్వాతి తరానికి జన్యువులు అందించే జనాభా లెక్క) సుమారు నాలుగో వంతే కాబట్టి తేడాలు వాటంతటవే త్వరగా పెరుగుతాయన్న అసలు ప్రశ్న రివ్యూయర్ అడగనేలేదు. నేనే వేసుకుని, నేనే జవాబు రాసుకున్నా.

తర్వాత రివ్యూయర్, జన్యువుల్ని బట్టి నమూనాల్ని సమూహాలుగా విడదీసే స్ట్రక్చర్ సాఫ్ట్‌వేర్ మీద పడ్డారు. 2005లో వచ్చిన ఎవానో పద్ధతిలో డెల్టా కె లెక్కేసి సమూహాలెన్నో చెప్పమన్నారు. కె అంటే సమూహాల సంఖ్య. ఆ లెక్కకు ప్రతి కె విలువకూ ముందుదీ వెనుకదీ కావాలి, ఒకటికి ముందు ఏమీ లేదు. కాబట్టి సమూహం ఒక్కటే అన్న జవాబు దాని నోట రానే రాదు. మా దాంట్లో 2 అని చూపించింది. గుంపులోని దగ్గరి బంధువుల్ని తీసేసి మళ్లీ నడిపితే ఆ రెండో సమూహం మాయమైంది. మీరు కూడా తోబుట్టువుల్ని ఏరకుండా రంగుల గ్రాఫులు వేయకండి. రెండు లెక్కలూ, మూల డేటాతో సహా, అనుబంధంలో పెట్టేశాను. గైడ్ గారు అది చూసి "నేను ముందే అనుకున్నా" అన్నారు!

నాకు నిజంగా టెన్షన్ పెట్టింది చివరి భాగం. ఈ గబ్బిలాలు ఏ కాలంలో విస్తరించాయన్న అంచనా అది. మ్యుటేషన్ రేటు, అంటే డీఎన్ఏలో మార్పులు వచ్చే వేగం, కాస్త మారిస్తే వేల ఏళ్లు అటూ ఇటూ అవుతాయి. అందుకే ఒక సంవత్సరం కాకుండా వెడల్పైన శ్రేణి ఇచ్చాను. పేపర్ మొత్తంలో ఎవరైనా గట్టిగా నిలదీయగలిగేది ఆ పేజీనే. దాని గురించి రెండో రివ్యూయర్ రాసింది ఒక్క ముక్క: బాగుంది.