రెండో తాళంచెవి

బ్యాంకులో నగదూ నగలూ భద్రపరిచే స్ట్రాంగ్ రూమ్‌కు రెండు తాళాలు ఉంటాయనీ, వాటి తాళంచెవులు ఇద్దరు వేర్వేరు ఉద్యోగుల దగ్గర ఉంటాయనీ, ఆ ఇద్దరూ ఒకేసారి వచ్చి నిలబడితే తప్ప ఆ తలుపు తెరుచుకోదనీ బయటివారిలో చాలామందికి తెలియదు. ఒకరి తాళంచెవిని రెండోవారి చేతికి ఇవ్వకూడదు. అది చేతులు మారాలంటే రిజిస్టరులో రాసి, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ సంతకాలు చేయాలి. డూప్లికేటు జత మరో బ్రాంచిలో భద్రపరిచి ఉంటుంది కాబట్టి, ఎవరికో అరగంట ఆలస్యమైందని దాన్ని తెప్పించుకోవడం కుదరదు. విజయనగరంలో నేను పనిచేసే బ్రాంచిలో ఒక తాళంచెవి నా దగ్గర ఉంటుంది. రెండోది చాలాకాలం పాటు విశాఖపట్నం నుంచి రోజూ రైల్లో వచ్చిపోయే ఒక సహోద్యోగి దగ్గర ఉండేది. ఉద్యోగానికి ఆలస్యంగా వచ్చేవారి విషయంలో నాకున్న అభిప్రాయాలన్నీ మూసి ఉన్న ఆ తలుపు ముందు ఏర్పడినవే.

ఇతర కార్యాలయాల్లో ఒకరు ఆలస్యమైతే ఒక కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది. మా దగ్గర హాలు మొత్తం ఆగిపోతుంది. పది గంటలకు షట్టరు ఎత్తగానే గంట్యాడ, బొండపల్లి, గజపతినగరం వైపు నుంచి ఉదయం బస్సులకు వచ్చినవారు లోపలికి వచ్చి బల్లల మీద సర్దుకుంటారు. డ్వాక్రా సంఘం పాస్‌బుక్కులు సంచిలో పెట్టుకుని వచ్చిన ఆడవారు ఉంటారు. ఇంట్లో పెళ్ళి పెట్టుకుని, కుదువ పెట్టిన నగలు విడిపించుకుందామని డబ్బు పట్టుకుని వచ్చిన రైతు ఉంటాడు. ఆ నగలు కూడా నగదుతో పాటు ఆ గదిలోనే ఉంటాయి. క్యాష్ కౌంటరులో పనిచేసే అమ్మాయి పది కాకముందే వచ్చి, లాగిన్ అయి, నోట్లు లెక్కపెట్టే మెషీను తుడుచుకుని, ఖాళీ డ్రాయరు ముందు కూర్చుని ఉంటుంది. పది దాటి ఇరవై నిమిషాలయ్యేసరికి ఎవరో ఒక పెద్దావిడ అద్దం దగ్గరకు వచ్చి, "ఏటమ్మా, ఇంకా డబ్బులియ్యడం నేదేటి? మల్లీ నా బస్సెల్లిపోద్ది" అని అడుగుతుంది. అప్పుడు ఆ అమ్మాయి తల ఎత్తకుండా, "సర్వరు రాలేదమ్మా, కాసేపు కూర్చోండి" అంటుంది.

సర్వరు నిక్షేపంలా పనిచేస్తూ ఉంటుంది. రానిది మనిషి. అయినా, వేళకు వచ్చిన ఉద్యోగి వేళకు రాని ఉద్యోగి కోసం ఖాతాదారుకు అబద్ధం చెబుతుంది. ఎవరూ చెప్పమనకపోయినా, తోటివారిని బయటపెట్టడం మర్యాద కాదనుకుని చెబుతుంది. నా దృష్టిలో అలవాటైన ఆలస్యం వల్ల జరిగే అసలు నష్టం ఆ ఇరవై నిమిషాలు కాదు, ఈ అబద్ధమే. ఆలస్యంగా వచ్చినవారు మెట్లెక్కి వచ్చేసరికి అన్నీ సర్దుకుని ఉంటాయి, ఎవరూ ఏమీ అనరు, టీ కూడా వేడిగానే దొరుకుతుంది. కాబట్టి తమ వల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగిందని వారికి తెలిసే అవకాశమే ఉండదు. మనం మంచితనం అనుకుని చేసే ఈ సర్దుబాటే ఆ అలవాటును పెంచి పోషిస్తుంది.

బ్యాంకుల్లో ఖాతాదారుల సేవపై 1991లో నివేదిక ఇచ్చిన గోయిపోరియా కమిటీ, లావాదేవీలు మొదలయ్యే వేళకు 15 నిమిషాల ముందే ఉద్యోగుల పనివేళలు మొదలుకావాలని సూచించింది. ఆ పావుగంట ఎందుకో మా పని తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు: గది తెరిచి, నగదు బయటికి తీసి, లెక్క చూసి, కౌంటర్లకు పంచడానికి సరిగ్గా అంత సమయం పడుతుంది. పదింటికి ఉద్యోగం మొదలనుకునేవారికీ, పదింటికి మొదటి ఖాతాదారు చేతిలో డబ్బు పడాలనుకునేవారికీ మధ్య ఉన్న తేడా అంతా ఆ పావుగంటలోనే ఉంది.

మా జిల్లాల్లో ఈ సమస్యకు ఒక ప్రత్యేకత ఉంది. విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ఉద్యోగం చేస్తూ, పిల్లల చదువుల కోసమో, ఇంకొకరి ఉద్యోగం కోసమో విశాఖపట్నంలోనే కాపురం ఉండి అప్ అండ్ డౌన్ చేసేవారు ప్రతి కార్యాలయంలోనూ కనిపిస్తారు. విశాఖపట్నం నుంచి విజయనగరం 60 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. శ్రీకాకుళం 100 దాటుతుంది, పైగా రైలు దిగేది ఊళ్ళో కాదు, ఆమదాలవలసలో. బస్సెక్కితే మద్దిలపాలెం, మధురవాడ దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది. రైలెక్కితే కొత్తవలస ఉంది. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే లైను అక్కడే కలుస్తుంది కాబట్టి, గూడ్సుకు దారి ఇవ్వడానికి ప్యాసింజరును ఆపేశారన్న మాట మా ఊరి కార్యాలయాల్లో తరచుగా వినిపించే సంజాయిషీ. చాలాసార్లు అది నిజం కూడా. కానీ ఏ రైలు ఎక్కడ ఆగుతుందో ఏళ్ల తరబడి తెలిసినవారు దానికి ముందు రైలు ఎక్కకపోవడానికి గూడ్సును తప్పుపట్టడం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

అలాగని ఆలస్యగాళ్ళందరూ రైళ్ళలోనే వస్తారనుకుంటే పొరపాటు. ఊళ్ళోనే మూడు లాంతర్ల కూడలి దగ్గర ఇల్లు, నడిచి వస్తే పది నిమిషాలు, అయినా రోజూ పదిన్నర. అలాంటివారితోనూ కలిసి పనిచేశాను. దూరం నుంచి వచ్చేవారికి కనీసం ఒక రైలు వేళ ఉంటుంది, ఇంటి పక్కనున్నవారికి అదీ ఉండదు. పోనీ పొద్దు ఆలస్యంగా పొడుస్తుందా అంటే, మనం హైదరాబాదుకు తూర్పున ఉన్నాం కాబట్టి సూర్యుడు వారికంటే సుమారు 20 నిమిషాలు ముందే మన గడపకు వస్తాడు. ఆ మిగులు ఎటు పోతోందో తెలియదు.

ఆలస్యాన్ని మాన్పించడానికి కార్యాలయాల్లో సాధారణంగా చేసేవి కొన్ని ఉన్నాయి. మొదటిది ఎత్తిపొడుపు. "రండి రండి, భోజనానికి వచ్చారా?" అని నలుగురి ముందూ అంటే, అన్నవారికి తృప్తిగా ఉంటుంది, పడ్డవారు నవ్వేస్తారు, మర్నాడు మళ్ళీ అదే వేళకు వస్తారు, పైగా ఆ చురకతో లెక్క సరిపోయిందన్న భావన ఇద్దరికీ కలుగుతుంది. రెండోది వాట్సాప్ గ్రూపులో సందేశం. "సిబ్బంది అందరూ సమయపాలన పాటించవలసిందిగా కోరుతున్నాము" అని పెడితే, రోజూ వేళకు వచ్చేవారు తమనేదో అన్నట్టు నొచ్చుకుంటారు, ఎవరిని ఉద్దేశించి పెట్టారో వారు అందరికంటే ముందు బొటనవేలు గుర్తు పెడతారు. మూడోది పైఅధికారులకు ఫిర్యాదు. అది చివరి మెట్టు, మొదటే ఎక్కితే మళ్ళీ దిగడానికి దారి ఉండదు.

నిబంధనలు లేక కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఆలస్యంగా వస్తే రోజుకు అరరోజు సాధారణ సెలవు కోత పడుతుంది, తగిన కారణం ఉంటే నెలలో రెండుసార్లు గంటలోపు ఆలస్యాన్ని పైఅధికారి మన్నించవచ్చు. మన రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాల్లో మూడు ఆలస్యాలకు ఒక సెలవు పోతుంది. ముఖం చూపించి హాజరు వేసే యాప్ కూడా 2023 నుంచి ఆ కార్యాలయాల్లోకి వచ్చింది. దానివల్ల మనుషులు వేళకు వస్తున్నారన్నది నిజమే; కానీ ముఖం చూపించి, బండి స్టాండు వేసే ఉంచి, ఎదురుగా ఉన్న పాకలో టిఫిను చేసి పదకొండింటికి సీటులో కూర్చునేవారిని ఆ యాప్ ఏమీ చేయలేదు. రాకను కొలిచే యంత్రం పనిని కొలవదు. ఇంకొక మాట కూడా ఇక్కడ చెప్పాలి. ఈ జిల్లాలో జూట్ మిల్లుల సైరను వినిపించిన రోజుల్లో, గేటు మూశాక వచ్చిన కార్మికుడికి కూలి పోయేది. పనిలో లేని కాలానికి మించి జీతం కోయకూడదని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం చెప్పింది, అంటే లేని మేరకు కోత న్యాయమేనని అందరూ ఒప్పుకున్నట్టే. ఫ్యాను కింద కూర్చునే మన దగ్గరకు వచ్చేసరికి మాత్రం అదే పావుగంట "ఏదో కాస్త అటూ ఇటూ" అయిపోతుంది.

మా బ్రాంచిలో పని చేసింది వీటిలో ఏదీ కాదు. స్ట్రాంగ్ రూమ్ తెరిచిన వేళ రాసే రిజిస్టరు ఒకటి ఉంటుంది. ఎప్పుడు తెరిచినా అందులో తొమ్మిదీ యాభై అనే రాసేసే ఆచారం కొన్ని చోట్ల ఉంది. నేను ఉన్నచోట ఆ ఆచారం నడవనివ్వలేదు; పది ఇరవై రెండుకు తెరిస్తే పది ఇరవై రెండనే రాశాను, పక్కన రెండో తాళంచెవి ఉన్న ఆయనా సంతకం చేశారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. కౌంటరులో అమ్మాయికి మాత్రం ఒకటి చెప్పాను: "సర్వరు మీద పెట్టకమ్మా, గది తెరవడానికి ఇంకా పావుగంట పడుతుందని చెప్పు." నిజం చెబితే ఖాతాదారులు గొడవ చేస్తారని భయపడ్డాం గానీ, చాలామంది ఆ పావుగంటలో బజారు పని చూసుకుని వచ్చారు. గొడవ చేసిన ఒకరిద్దరు మెట్ల మీదే నిలబడి, ఆయన రాగానే ఆయననే అడిగారు. నేను ఎన్ని నెలలు చెప్పినా రాని మార్పుకు అక్కడ మొదటి కదలిక కనిపించింది.

ఆ తరవాత ఒక సాయంత్రం, క్యాష్ టాలీ అయి అందరి మనసూ తేలికపడ్డాక, ఆయనతో విడిగా మాట్లాడాను. "మీరు ఎప్పుడూ ఆలస్యమే" అని మొదలుపెట్టి ఉంటే సంభాషణ అక్కడే ముగిసేది. నేను రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టి, "గురువు గారూ, పదింటికి ఈ గది తెరవాలంటే మనం ఏం చేయాలి?" అని మాత్రం అడిగాను. మొదట కొత్తవలస వచ్చింది, తరవాత అసలు సంగతి వచ్చింది. ఆయన భార్య పొద్దున్నే తన ఉద్యోగానికి వెళ్ళిపోతారు, పిల్లవాడిని బడి బస్సు ఎక్కించాకే ఆయన ఇల్లు కదలాలి, ముందు రైలు అందుకోవడం నిజంగానే సాధ్యం కాదు. అయితే ఆ సంగతి ముందే చెప్పి తాళంచెవి బాధ్యత వద్దనవచ్చు కదా అంటే, వద్దంటే ఉద్యోగం చేతకాదనుకుంటారేమోనన్నారు. మేనేజరుతో మాట్లాడి, రిజిస్టరులో రాయించి, ఊళ్ళోనే ఉండే మరొకరికి తాళంచెవి అప్పగించాం. దానికి బదులుగా మధ్యాహ్నం బంగారం రుణాల రద్దీ, నవంబరులో పింఛనుదారుల జీవన ధ్రువపత్రాలు, ఎవరూ చేయడానికి ఇష్టపడని పాత ఫైళ్ళ సర్దుబాటు ఆయన తీసుకున్నారు. ఈ బదులు లేకపోతే ఆ ఏర్పాటుకు నేను ఒప్పుకునేవాడిని కాను. ఒకరి ఇంటి ఇబ్బందికి మరొకరు బదులేమీ లేకుండా మూల్యం చెల్లించడం ఎక్కువ కాలం సాగదు.

చంటిబిడ్డ తల్లి అయిన మరో సహోద్యోగిని పదీ పావుకు వస్తారు. అది అందరికీ తెలుసు, అందుకు తగ్గట్టు ఆమెకు మొదటి గంటలో కౌంటరు వేయం. అది ఆలస్యం కింద లెక్క కాదని నా ఉద్దేశం. ఏ వేళకు వస్తారో తెలిసిన మనిషిని నమ్ముకుని పని సర్దుకోవచ్చు. ఒకరోజు పదికి, మరునాడు పది నలభైకి, ఆ మరునాడు ఫోను కూడా ఎత్తకుండా వచ్చేవారి చుట్టూ ఏ పనీ అల్లుకోలేం. రెండో శనివారం సెలవు తరవాతి సోమవారం హాలు కిటకిటలాడుతుంది. సరిగ్గా ఆ రోజే సొంతూళ్ళకు వెళ్ళినవారు తీరిగ్గా దిగుతారు. ఆ సోమవారాల సంగతి మాత్రం నేను ముందటి శుక్రవారమే పేరుపేరునా అడుగుతాను. మా ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమానోత్సవం జరిగే మంగళవారం నాడు ఎవరు ఏ వేళకు వచ్చినా ఎవరూ అడగరు, అది వేరు.

ఆలస్యంగా వచ్చేవారు మేనేజరే అయితే? మునుపొకచోట ఆ అనుభవమూ ఉంది. కింది ఉద్యోగి మాటకు అక్కడ విలువ ఉండదు, ఎత్తిపొడుపుకు అసలే ఉండదు. వేళ ఉన్నది ఉన్నట్టు రాయడం, ఆయన సంతకం కోసం ఆగిపోయిన కాగితాలను ఆయన బల్ల మీద వచ్చిన సమయంతో సహా పేర్చి పెట్టడం, అంతవరకే చేయగలిగాం. తనిఖీకి వచ్చినవారు ఆ రిజిస్టరు చదివారు. తరవాత ఏం జరిగిందో మాకు ఎవరూ చెప్పలేదు గానీ, ఆయన బండి పదింటికల్లా షెడ్డులో కనిపించసాగింది.

ఇప్పుడు మళ్ళీ బదిలీల కాలం వస్తోంది. మా బ్రాంచికి కొత్తగా వచ్చేవారిని అందరూ మొదట అడిగేది ఏ ఊరు, ఎవరి తాలూకా అని. నేను మాత్రం ఇల్లు ఇక్కడ తీసుకుంటున్నారా, లేక విశాఖపట్నం నుంచి వస్తారా, వస్తే ఏ రైలుకు అని అడుగుతాను. విశాఖపట్నం నుంచే అన్నా నాకు అభ్యంతరం లేదు. డ్యూటీ చార్టు వేసేముందు తెలిస్తే చాలు.